పేరు లేని కొయ్య

తెనాలిలో బట్టల కొట్టుకు వచ్చినవాళ్ళు చీర ధర అడుగుతారు, రంగు పోతుందా అని అడుగుతారు, చివరికి ఎదురు కొట్టు కూడా చూసి వస్తామని లేచిపోతారు. ఇరవై ఏళ్ళుగా చీరలు విప్పి మడతపెడుతున్న ఏడుకొండలును ఇంతకు మించి ఎవరూ ఏమీ అడగలేదు. అందుకే హర్షిణి అనే బాపట్ల అమ్మాయి ఒక మధ్యాహ్నం వచ్చి, మీరు పేరాల మగ్గాల మీద పెరిగినవారట కదా, ఏ భాగాన్ని ఏమంటారో చెబుతారా అని అడిగితే అతను పొంగిపోయాడు.

ఆ అమ్మాయి యూనివర్సిటీలో భాషాశాస్త్ర శాఖలో పరిశోధన చేస్తోంది. నేతపనివాళ్ళ మాటల మీద పెద్ద పుస్తకం రాసి ఇస్తే డాక్టరేట్ వస్తుందట. మాటల మీద పరిశోధన ఏమిటో ఏడుకొండలుకు అంతుపట్టలేదు. నోరున్న ప్రతివాడూ చేసే పనికి డిగ్రీ ఎందుకిస్తారో అసలే తెలియలేదు. అయినా ఆదివారం ఆదివారం ఆమె రేపల్లెలో అతని ఇంటికి వచ్చి రికార్డర్ ముందు పెడితే, పెళ్ళిచూపులకు కూర్చున్నంత బుద్ధిగా కూర్చుని చెప్పాడు.

అమ్మ కోటేశ్వరమ్మ పోయి పదేళ్ళయినా ఆమె దగ్గర నేర్చిన మాటలు ఒక్కటీ పోలేదు. ఒకేచోట రెండుసార్లు తెగిన పోగుకు వేసేది అలకముడి. అలసినప్పుడు చెయ్యి ఆన్చుకునేది కునుకుతాడు. ఇరుగుపొరుగు వచ్చి కూర్చునేది ఊసుబల్ల. ఈ మూడూ విన్నప్పుడు హర్షిణి ముఖం వెలిగిపోయింది. అతనికి గర్వంగా అనిపించింది.

నెల తర్వాత అదే అమ్మాయి దిగులు ముఖంతో వచ్చింది. పేరాలలో ముప్ఫై ఇళ్ళు తిరిగిందట. నాడె, అచ్చు, పన్నె లాంటి మగ్గం మాటలు అందరూ చెప్పారు. ఈ మూడు మాటలు మాత్రం ఒక్కరికీ తెలియవు. పోనీ తీసేద్దామంటే అవి ఆమె గైడు వేంకటసుబ్రహ్మణ్యం గారి పుస్తకంలో ఉన్నాయి. నలభై ఏళ్ళ కిందట ఆయన విద్యార్థిగా పేరాల వచ్చి, ఒక వేసవంతా కోటేశ్వరమ్మ అనే ఆవిడ మగ్గం దగ్గర కూర్చుని రాసుకున్నారట. ఆయనకు పేరు తెచ్చినవీ, ఏటా పాఠంలో చెప్పేవీ ఈ మూడు మాటలే. వచ్చే నెలలో ఆమె పుస్తకం ఇవ్వాలి.

"మీ ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేవండి బాబాయ్ గారూ. ఎందుకంటారు?" అని అడిగింది.

ఆ వారం కొట్టులో ఏడుకొండలు ఎర్రచీర అడిగినవాళ్ళకు ఆకుపచ్చది విప్పాడు. తన నోట్లో ఉన్నవి తన మాటలేనా అని సందేహం పట్టుకుంది. ఇంటికి పోతూ రైల్లో ఇదే ఆలోచన. రేపల్లె దాటి రైలు పోదు గనక దిగాడుగానీ, లేకపోతే ఏ ఊళ్ళో తేలేవాడో.

చివరికి సెలవు పెట్టి పేరాల వెళ్ళాడు. అమ్మ పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టిన అంకమ్మ పిన్ని ఇంకా ఉంది. సంగతి విని ఆవిడ చాలాసేపు నవ్వింది.

"అయ్యి మీ అమ్మ పెట్టిన పేర్లేరా. ఆ కుర్రాడు పొద్దస్తమానం దీన్నేమంటారు, దాన్నేమంటారు అని అడిగేవాడు. దానికి పేరు లేదు బాబూ అంటే మొహం చిన్నబుచ్చుకునేవాడు. ఇంటికొచ్చినోణ్ణి ఒట్టి చేతుల్తో ఎట్టా పంపేదే అంకమ్మా అనేది మీ అమ్మ. నీకప్పుడు ఏడేళ్ళు. నువ్వూ అయ్యే నేర్చుకున్నావు."

అమ్మ ఎవరికీ అబద్ధం చెప్పి ఎరగదు. మరి ఇదేమిటి? అతిథిమర్యాదా, మోసమా? తిరుగు రైలు బాపట్లలో ఆగితే ఎందుకో తెలియకుండానే దిగిపోయి, ప్లాట్‌ఫారం మీదనుంచే హర్షిణికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అంతా విని ఆమె, సార్ ఈ ఏడే రిటైరవుతున్నారనీ, ఈ సంగతి ఆయనకు చెప్పడం తన వల్ల కాదనీ, మీరే వచ్చి చెప్పండనీ బతిమాలింది.

వెళ్ళాడు. భాషాశాస్త్ర శాఖ అంటే ఏముంటుందో అనుకున్నాడు. దుమ్ముపట్టిన పుస్తకాలు, గోడకు ఒక పాత ఫొటో, మూడు కుర్చీలు ఉన్నాయి. కోటేశ్వరమ్మగారబ్బాయి అని తెలియగానే వేంకటసుబ్రహ్మణ్యం గారు లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. మీ అమ్మగారి చేతి గోంగూర పచ్చడి ఇప్పటికీ గుర్తుందన్నారు. ఏడుకొండలు హర్షిణి వైపు చూసి, ఇక తప్పదని, పిన్ని చెప్పిందంతా గబగబా అప్పజెప్పేశాడు.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కోపం లేదు. మూడూ తీసెయ్యమ్మా, నా పుస్తకంలో తప్పని కూడా రాయమని హర్షిణికి చెప్పారు. ఆ అమ్మాయి తల వంచుకుని తన కాగితాల్లో ఆ మూడింటినీ కొట్టేసింది. తను వచ్చిన పని అయిపోయింది గనక ఏడుకొండలు లేవబోయాడు.

ఆయన గోడమీది ఫొటో దగ్గరికి వెళ్ళారు. అది అమ్మ మగ్గమే. మగ్గం అంచున, దేనికీ పనికిరానట్టున్న చిన్న కొయ్యమీద వేలు పెట్టారు.

"ఆ వేసవిలో అన్నీ అడిగానుగానీ దీని సంగతే మర్చిపోయాను. దీన్ని ఏమంటారండీ?"

దానికి పేరు లేదు. అమ్మ దానికి తుడుపుగుడ్డ తగిలించేది, అంతే. లేదండి అనబోయి అతను ఆయన ముఖం చూశాడు. అరవై దాటిన ఆ ముఖం అప్పుడే చిన్నబోవడం మొదలుపెట్టింది.

"దాన్ని చుట్టపుకొయ్య అంటామండి," అన్నాడు ఏడుకొండలు.

పెద్దాయన జేబులోనుంచి కాగితం తీసి, అక్షరం అక్షరం రాసుకున్నారు. హర్షిణి ఏడుకొండలు వైపు చూసి, తన కలానికి మూత పెట్టేసింది. అమ్మ అబద్ధమాడిందో లేదో అతనికి ఇప్పటికీ తెలియలేదుగానీ, ఎలా ఆడిందో మాత్రం తెలిసింది.