బురుల్ దాచిన మాట

బురుల్ నోట్లో నువ్వుగింజ నానదు. మా నారిన్ ఊరి బజారులో నా రొట్టెల పొయ్యి పక్కనే అది ఎండు పెరుగు ఉండలు అమ్మే బల్ల. చెక్క ఉయ్యాలలు చేసే తెమిర్కాన్ మీద మనసు పడ్డానని అతనికంటే ముందు నాకే చెప్పింది. నేను ఊరంతటికీ చెప్పాను, తప్పేముంది? వసంతంలో అతని తల్లి సోనున్‌బూ వచ్చి దాని చెవులకు వెండి కమ్మలు పెట్టింది. కమ్మలు పెడితే మా దగ్గర పెళ్లి ఖాయమైనట్టే. ఆ తర్వాత బురుల్ గొర్రెలతో కొండ మీదికి పోయి, మూడు నెలలకు మొన్ననే దిగింది.

శుక్రవారం పొద్దున చూద్దును కదా, తెమిర్కాన్ కొట్టు ముందు అమ్మకానికి పెట్టిన ఉయ్యాలలో పది రోజుల పసిగుడ్డు! ఎవరో పడుకోబెట్టి, బిడ్డ దొర్లిపోకుండా పట్టీలు కట్టి పోయారు.

"పోలీసులకు అప్పగిద్దాం," అన్నాను.

"వద్దు పెద్దమ్మా! నా దగ్గరే ఉంటుంది. ఎవరూ ఏమీ అడగొద్దు," అంటూ బురుల్ ఉయ్యాలను కొట్టులోకి లాక్కుపోయింది. అంతే, ఇక నోరు విప్పలేదు. బురుల్ నోరు మూసుకోవడమా!

"కొండ మీదికి ఎందుకు పోయిందో ఇప్పుడు తెలిసింది," అనేశాను పక్కవాళ్లతో. నా నోరు పడిపోను! రెండో వాయి రొట్టెలు దిగేలోపే ఆ మాట సోనున్‌బూ చెవిన పడింది.

ఊళ్లో ఏ బిడ్డనైనా మొదటిసారి ఉయ్యాలలో పెట్టి పట్టీలు కట్టేది ఆవిడే. ఆ రోజు మాత్రం కత్తులు నూరుతూ వచ్చి కొట్టు తలుపు మూసింది. పాలసీసా పట్టుకుని నేను, బురుల్ పక్కన తెమిర్కాన్ లోపలే ఉన్నాం.

"బిడ్డ ఎవరిదో చెప్పు. లేదా కమ్మలు తియ్యి."

"మాటిచ్చానత్తా. చెప్పలేను." బురుల్ కమ్మలు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. కళ్లనిండా నీళ్లు.

"అమ్మా, ఎవరి బిడ్డైతే ఏంటి? ఉయ్యాల నాది. ఇద్దర్నీ ఇంటికి తెస్తా, ఉయ్యాలతో సహా!" అన్నాడు తెమిర్కాన్.

"నోర్ముయ్యరా వెధవా!"

ఆ కేకకు బిడ్డ కేరుమంది. అలవాటు కొద్దీ సోనున్‌బూ వంగి పట్టీ మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఎడమకు తిప్పి, కొస లోపలికి దోపిన ముడి. ఆ ముడి ఆవిడ తన కూతురు నుర్జాత్‌కు తప్ప ఎవరికీ నేర్పలేదు.

"నుర్జాత్ ఓష్ పట్నంలో చదువుకుంటోంది కదే..."

"నేను చెప్పలేదత్తా! నువ్వే చూశావు!" బురుల్ బావురుమంది. "నాతో కొండ మీదే ఉంది. లారీ నడిపే అబ్బాయితో ముల్లా ముందు పెళ్లయింది. నీకు చెప్పడానికి భయం. అన్న కొట్టు ముందు పెడితే బిడ్డ సొంతింటికే చేరుతుందనుకుంది."

"ఎక్కడుందది?"

"మా ఇంట్లో, పరుపుల దొంతర వెనక."

సోనున్‌బూ ఉయ్యాల పక్కన కూలబడి ఏడ్చింది, మధ్యలో నవ్వింది. లేచి బురుల్ చెవి పట్టుకుని గట్టిగా మెలిపెట్టి, మళ్లీ కమ్మలు తొడిగింది. "నా కూతురి కోసం నీ పెళ్లే వదులుకున్నావా, పిచ్చిమొహమా!"

నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. "నన్ను క్షమించవే తల్లీ," అన్నాను.

"ముందు ఒక వేడి రొట్టె పెట్టు పెద్దమ్మా," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఇంతసేపు నోరు మూసుకుంటే ఎంత ఆకలేస్తుందో నీకేం తెలుసు!"