జంపక్క డ్యూటీకి పోని రోజు

మణుగూరు దాటాక అడవిలో ఉన్న చిన్న గూడేనికి జంపక్క ఆశా కార్యకర్త. ఎవరికి నొప్పులొచ్చినా, ఏ పసిబిడ్డకు జ్వరమొచ్చినా ముందు ఆమెకే కబురు వెళ్లేది. కరోనా వచ్చిన ఏడాది మాత్రం ఆమెను చూసి తలుపులు వేసుకున్నారు. "నువ్వే తెస్తున్నవ్ ఆ రోగం" అని మొహం మీదే అన్నారు.

ఆమె కూతురు శ్రావణి భద్రాచలం హాస్టల్లో ఉండి చదివేది. తొమ్మిదో తరగతి పరీక్షలు రాయకుండానే రేకు పెట్టె మోసుకుని ఇంటికొచ్చింది. పరుగు పందేల్లో జిల్లా పోటీలకు ఎంపికైన పిల్ల; మొదట్లో పొద్దున్నే వాగు ఒడ్డున పరిగెత్తేది. గూడెంలో సిగ్నల్ లేదు, ఆన్‌లైన్ పాఠాలకు గుట్ట ఎక్కాలి. ఎక్కినా ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఇంటింటి జ్వరాల సర్వే కోసం తల్లితోనే పోయేది. వానలు పడేసరికి శ్రావణి పరుగు మానేసింది. తర్వాత తల దువ్వుకోవడం మానేసింది. గోడవైపు తిరిగి పడుకునేది.

"ఒళ్లు బరువెక్కింది. పనికి తోలు" అని తండ్రి సమ్మయ్య కసిరేవాడు. జంపక్కా అంతే అనుకుంది. ఇల్లిల్లూ తిరిగొచ్చాక కూతురి మొహంలోకి చూసే ఓపిక ఆమెకు మిగిలేది కాదు.

దసరా ముందు ఓ మధ్యాహ్నం పక్కింటి చిన్నపిల్ల శ్రావణి బూట్లు వేసుకుని ఎదురొచ్చింది. చంకలో శ్రావణి పుస్తకాలు.

"ఎవరిచ్చిండ్రే?"

"అక్కనే ఇచ్చింది. ఇగ తనకు వీటితోటి పనిలేదంట."

జంపక్క పరుగున ఇంటికెళ్లి కూతురి పక్కన కూలబడింది. ఇలాంటప్పుడు తిన్నగా అడగాలని ఏదో శిక్షణలో విన్నది గుర్తొచ్చింది.

"సచ్చిపోవాలనిపిస్తుందా బిడ్డా?"

గోడవైపు నుంచి తిరగకుండానే శ్రావణి పలికింది. "అవ్. రోజూ."

మర్నాడు జంపక్క సర్వేకు వెళ్లలేదు. సూపర్‌వైజర్ నాగలక్ష్మి బండేసుకుని వచ్చి గుమ్మంలోనే మండిపడింది.

"నా బిడ్డకు బాగలేదు మేడం."

"జ్వరమా?"

"కాదు. బతకాలని లేదంటుంది."

నాగలక్ష్మి లోపలికొచ్చి శ్రావణి పక్కన కూర్చుంది. తల్లీకూతుళ్లను జిల్లా దవాఖానాకు తీసుకెళ్తానంది.

సమ్మయ్య అడ్డం నిలబడ్డాడు. "పిచ్చి డాక్టర్ దగ్గరికా? జనం ఏమనుకుంటరు?"

"ముందు దాన్ని బతకనియ్యి" అంది జంపక్క.

దవాఖానాలో డాక్టరమ్మ శ్రావణితో గంటసేపు మాట్లాడింది. తర్వాత తల్లిని పిలిచింది. "ఇది బద్ధకం కాదమ్మా, జబ్బు. మందులున్నాయి, తగ్గడానికి టైం పడుతుంది. పిల్లను ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుమందు ఉంటే ఈ రోజే తీసేయండి."

జంపక్క ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే సమ్మయ్య లేచాడు. మిర్చి చేనుకు తెచ్చిన డబ్బాలన్నీ మోసుకెళ్లి, చీకటి పడకముందే ఊరవతల తమ్ముడి కొట్టంలో పెట్టి తాళం వేయించాడు. తిరిగొచ్చి వాకిట్లో కూర్చుని మొహం కప్పుకుని ఏడ్చాడు.

నయం కావడం తిన్నగా సాగలేదు. ఫిబ్రవరిలో హాస్టల్ తెరిస్తే శ్రావణి వెళ్లింది. మార్చిలో కరోనా మళ్లీ పెరిగి మూసేస్తే ఇంటికొచ్చి వారం రోజులు నోరు విప్పలేదు. ఈసారి జంపక్క ఫోన్ తీసుకుని, కూతురిని వెంటబెట్టుకుని గుట్టెక్కి డాక్టరమ్మతో మాట్లాడించింది.

శ్రావణి ఓ ఏడాది ఆలస్యంగా ఇంటర్ పూర్తి చేసింది. ఇప్పటికీ కొన్ని పొద్దులు లేవదు. అలాంటప్పుడు సమ్మయ్య కసరడు. గంజి గిన్నె పక్కన పెట్టుకుని, ఆమె లేచేదాకా అక్కడే కూర్చుంటాడు.