ఇరవై ఆరు గ్రాముల యాంటెనా

బరంపురం బడాబజారులో లక్ష్మణరావుది ఎలక్ట్రికల్ సామాను హోల్‌సేల్ కొట్టు. తండ్రి అమర్చిపెట్టిన వ్యాపారం, కుర్చీలో కూర్చుంటే చాలు సాగిపోతుంది. అలా కూర్చునీ కూర్చునీ నలభై దాటాక హామ్ రేడియో పిచ్చి అంటించుకున్నాడు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాక, పెళ్లిళ్లలో కూడా ముందు తన కాల్‌సైన్, అంటే రేడియోలో పిలుచుకునే అక్షరాల గుర్తు, చెప్పి తర్వాత పేరు చెప్పేవాడు.

టవర్లూ సిమ్ములూ లేకుండా, సొంత రేడియోతో గాలిలో దూరదేశాలవాళ్లతో మాట్లాడటమే ఈ హామ్ రేడియో. తుఫానులో ఫోన్లు చచ్చినప్పుడు జనానికి మేమే దిక్కని గొప్పలు చెప్పుకుంటాం. మేం అంటున్నాను, ఎందుకంటే నేనూ ఆ బాపతే.

లక్ష్మణరావుకు మాట్లాడటం కంటే యాంటెనా మీద మోజు. జేబులో పట్టే తీగ యాంటెనాలు చేసేవాడు. ఇరవై మీటర్ల సన్న రాగితీగ, దాన్ని చుట్టుకోవడానికి పాత ఏటీఎం కార్డు. తూకానికి పక్క వీధి కంసాలి త్రాసు. ముప్పై ఎనిమిది గ్రాములు తూగిన రోజు ఆ త్రాసు ఫోటో మా హామ్ క్లబ్బు వాట్సాప్‌లో పెట్టాడు. తర్వాత ఇంకా సన్న తీగ వేసి, ఒక ఆదివారమంతా కూర్చుని కార్డుకు చిల్లులు పొడిచి ఇరవై ఆరుకు దించాడు. నూట పది కిలోల మనిషి, పన్నెండు గ్రాములు తగ్గిందని అందరికీ స్వీట్లు పంచాడు. మేం సిగ్గు లేకుండా తిన్నాం.

ఆ ఏడు తుఫాను వస్తుందన్నప్పుడు తీరం ఊళ్లకు తలా ఒక రేడియోవాణ్ని పంపుతామని క్లబ్బు అధికారులకు మాటిచ్చింది. లక్ష్మణరావు సోనేపూర్ కోరుకున్నాడు. అక్కడి జాలర్ల మీద ప్రేమతో కాదు, సముద్రం పక్కనైతే సిగ్నల్ బాగా పోతుందని. బరువు తగ్గాలి కాబట్టి బ్యాటరీ కూడా బొమ్మకారుకు సరిపోయేంతది తీసుకెళ్లాడు. చేరిన సాయంత్రమే అక్కడి తుఫాను షెల్టర్ మేడ మీంచి శ్రీలంకనూ థాయిలాండునూ పలకరించి, దాన్ని ముప్పావు వంతు ఊదేశాడు.

రాత్రి తుఫాను తీరం దాటి, మర్నాడు పొద్దున్నకు గాలి తగ్గింది. ఫోన్లు లేవు, రోడ్డు మీద నడుములోతు నీళ్లు, సముద్రంలో పడవ దించే వీలు లేదు. చేపలమ్ముకునే జగ్గమ్మ కూతురు బేబీ షెల్టర్‌లో నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది.

జగ్గమ్మ పరుగున మేడెక్కింది. "బాబూ, నీ యంత్రంలో సెప్పు. బేగి బోటు పంపమను."

"నువ్వు కంగారు పడకు. ఇప్పుడే సెప్తాను," అని లక్ష్మణరావు తీగ కట్టాడు.

జిల్లా కేంద్రం ఛత్రపూర్ కంట్రోల్ రూములో అవతలి రేడియో ముందు కూర్చున్నది నేను. బయట వరద నీళ్లలో తిరిగే బోటు, అంబులెన్సు సిద్ధంగా ఉన్నాయి. ఒక్క ముక్క చెబితే చాలు.

ఆయన కాల్‌సైన్ చెప్పాడు. నేను నాది చెప్పాను. సిగ్నల్ ఎలా ఉందన్నాడు. అద్భుతం అన్నాను, నిజంగానే పక్కగదిలోంచి మాట్లాడినట్టుంది. మాకు ముందు సిగ్నల్, తర్వాత యాంటెనా, తర్వాత వాతావరణం, ఆ పిమ్మటే సంగతి. ఏళ్ల తరబడి నాలుకకు పట్టిన అలవాటు. ఇరవై ఆరు గ్రాములదే కట్టానన్నాడు. తీగ మందం ఎన్నో గేజి అని అడిగాను. అవును, నేనే అడిగాను. ఇరవై ఏడో గేజి, ఎనామిల్ పూత, కార్డుకు చిల్లులు అంటూ ఆయన ఎత్తుకున్నాడు. చిల్లుల మాటకు ఇద్దరం నవ్వుకున్నాం. "ఇక్కడొక ముఖ్యమైన..." అన్నాడు. బ్యాటరీ చచ్చింది.

ఎంత పిలిచినా పలకలేదు. ముఖ్యమైనదేమిటో నాకు తెలియదు. తీగ తెగి ఉంటుందనుకుని తర్వాతి ఊరిని పిలిచాను.

అక్కడ లక్ష్మణరావు జగ్గమ్మ మొహం చూసి, నిజం చెప్పే దమ్ములేక, "సెప్పేశాను. ఒస్తారు," అన్నాడు. ఆ మాట నమ్మి వాళ్లు రెండు గంటలు ఎదురుచూశారు. తర్వాత మగాళ్లు బేబీని మంచం మీద వేసి, నీళ్లలో మోసుకుంటూ మెయిన్ రోడ్డుకు నడిచారు. బేబీ బతికింది. మగబిడ్డ. ఏడవలేదు.

పదిహేను రోజులకు దుప్పట్లు పంచడానికి మా క్లబ్బు సోనేపూర్ వెళ్లింది. జీపులో లక్ష్మణరావు బ్యాటరీ సంగతీ, జగ్గమ్మతో ఆడిన అబద్ధమూ నాతో ఒప్పుకున్నాడు. ఆయన మొహం మీద ఉమ్మాలనిపించింది. ఉమ్మితే సగం నా మీదే పడాలి.

నేను అవతలి రేడియోవాణ్నని ఎవరో చెబితే జగ్గమ్మ నా దగ్గరికొచ్చింది.

"ఆ దినం ఈ బాబు పక్కన గొడుగు పట్టింది నానే. మీరు ఇంగ్లీసులో సేనసేపు మాటాడుకున్నారు, నవ్వుకున్నారు కూడాను. బోటు గురించే గదా బాబూ?"

లక్ష్మణరావు దుప్పట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"బోటు గురించేనమ్మా," అన్నాను.

"మరైతే ఆ బోటోలే రానేదన్నమాట," అంది. వాళ్లకు పురుగులు పడాలని తిట్టి, మా ఇద్దరికీ దండం పెట్టి, దుప్పటి తీసుకుని వెళ్లింది.