వేపమండల గుమ్మంలో తాలింపు వాసన

బిలాస్‌పూర్ తార్‌బహార్‌లో మా రైల్వే క్వార్టర్ల వరసకు చివరి ఇంట్లో ఒక ముసలి మంత్రసాని ఉండేది. ఆ యేడు ఆమె గుమ్మానికి వేపమండలు కట్టడం అది మూడోసారి. వేపమండలు కట్టారంటే లోపల ఎవరికో అమ్మవారు పోసిందన్నమాట. ఇక మగాడన్నవాడు ఆ గడప తొక్కడు. డ్యూటీ దిగి వచ్చేవాళ్లు కూడా వీధికి అవతలి పక్కగా నడిచేవారు. నేనూ తప్పుకునేవాణ్ణే గాని నా ముక్కు తప్పుకోలేదు. ఒక సాయంత్రం ఆ ఇంట్లోంచి ఆవాలూ వెల్లుల్లీ వేగుతున్న వాసన వచ్చింది.

అమ్మవారున్న ఇంట్లో తాలింపు వేయరు. పోపు చిటపటలకు తల్లికి కోపం వస్తుందని మావాళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. పైగా ముందు రెండుసార్లూ ఆ ఇంట్లోంచి బయటికొచ్చిన ఆడవాళ్ల ముఖాల మీద ఒక్క మచ్చ లేదు. మా ఆవిడేమో రోజూ కొంగు చాటున గిన్నె పెట్టుకుని అటే పోతోంది. నా కంచంలో చేపముక్కలు తగ్గాయి.

“అమ్మోరింటికి సేపల పులుసేటే?” అని అడిగాను.

“మజ్జిగన్నం. నీ ముక్కు పాడైపోనాది మావా.”

“మరి తాలింపు వాసనో?”

“పులిని టిక్కెట్టడిగినోడివి, నీ మాట ఎవులు నమ్ముతారు? కూడు తిను.”

నేను రైలింజన్లో ఫైర్‌మన్ని. పెండ్రా అడవుల దగ్గర ఇంజనెక్కిన పులిని టిక్కెట్టు అడిగి దింపేశానని ఒకసారి షెడ్డులో చెప్పాను. జరిగినదానికి కాస్త బొగ్గు వేసి మండించడం నా ఉద్యోగమే కదా. అది మొదలు, నేను ఇవాళ మంగళవారమన్నా జనం ఇంకొకరిని అడిగి రూఢి చేసుకునేవారు.

మర్నాడు షెడ్డులో ఒక కళాసీ, పెళ్లాం బిడ్డను తీసుకుని పారిపోయిందని అందరినీ నిలదీస్తున్నాడు. కుదుదండ్ పేటలో ఉండేవాడు. తాగితే బెల్టు తీస్తాడని అందరికీ తెలుసు. చేపముక్కలు ఎక్కడికి పోతున్నాయో నాకు అప్పుడు అర్థమైంది. ఇంటికొచ్చి మా ఆవిణ్ణి గట్టిగా అడిగితే, ఊరినుంచి కళాసీ పెళ్లాం అన్న వచ్చి విజయనగరం బండి ఎక్కించేదాకా తల్లీబిడ్డల్ని ఆ వేపమండల చాటున దాచుతున్నామని ఒప్పుకుంది.

“ముందే సెప్పలేదేటి?”

“నీకు సెప్తే బిలాస్‌పూర్ టేసన్లో గంట కొట్టినట్టే.”

ఆ సాయంత్రం నేను పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే కళాసీ వచ్చి మంత్రసాని ఇంటి ముందు నిలబడ్డాడు. లోపల మళ్లీ తాలింపు. వాడు ముక్కు ఎగబీల్చాడు.

“అన్నా, అమ్మోరింట్లో ఈ వాసనేటి?”

అమ్మోరు ఉందంటే నా మాట నమ్మడు, నేరుగా లోపలికి పోతాడు.

“అమ్మోరూ లేదు, ఏటీ లేదు,” అన్నాను. “అంతా ఆడోళ్ల నాటకం. నీ పెళ్లాం పొయ్యికాడే ఉన్నాది. ఎల్లి తెచ్చుకో.”

లోపల గరిటె చప్పుడు ఆగింది. వాడు నా వంక చూశాడు, వేపమండల వంక చూశాడు.

“నన్ను సంపీడానికేటి?”

“నిజమే సెప్తున్నాను.”

“నువ్వు, నిజం. అచ్ఛా.” వాడు గడప ముందు నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. మండలకు దండం పెట్టి, వాసన పక్కింటిదే అయ్యుంటుందని గొణుక్కుంటూ పోయాడు.

ఊరినుంచి ఆ పెళ్లాం అన్న వచ్చాడు. తల్లీ బిడ్డా బండెక్కారు. వట్టి మజ్జిగన్నం ముట్టనని మారాం చేసిన ఆ బిడ్డ కోసమేనట రోజూ ఆ తాలింపు.

నేను పన్నిన ఎత్తు గురించి మా ఆవిడకు చెప్పాను.

“ఆడు నమ్మీసి లోపలికెల్లుంటే?”

“ఎల్డు.”

“నీకెలాగ తెలుసు?”

మంత్రసాని ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. మరుసటిసారి వేపమండలు వేరే గుమ్మానికి మారాయి. మా ఆవిడ గిన్నె పట్టుకుని వీధులన్నీ చుట్టి వెళ్లేది, నేను వెంట వస్తున్నానేమోనని మలుపు మలుపునా ఆగి చూసుకునేది. వెనకే ఉన్నాను గనక నాకు తెలుసు.