కాన్పు గదిలో గాజులు

మా ఆయన టైఫాయిడ్‌తో పోయిన మరుసటి ఏడు నేను తాడేపల్లిగూడెం వదిలి ఏలూరు వచ్చి, ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేరాను. నాకు పని నేర్పింది డాక్టరమ్మ. కాన్పు గదిలో చేయి తిరిగిన మనిషి మాత్రం ఆయా. కొల్లేటి లంకల నుంచి వచ్చింది, నలభై దాటాయి. అందరం పిన్ని అనేవాళ్ళం. పొట్టమీద చేయి వేసి, బిడ్డ అడ్డం తిరిగిందో లేదో చెప్పేది.

ఆ వానాకాలంలో వరసగా ఇద్దరు బాలింతలకు మూడో రోజు జ్వరం వచ్చింది. ఒకామె కోలుకుంది. రెండో ఆమె పోయింది. డాక్టరమ్మ మా అందరి చేతులూ చూసి, ఇకమీదట గాజులతో ఎవరూ కాన్పు గదిలో అడుగు పెట్టకూడదంది. రెండో నర్సు పెళ్ళికాని క్రైస్తవుల అమ్మాయి. చేతికున్న ఒక్క గాజూ అప్పుడే తీసేసింది. పిన్నికి రెండు చేతుల నిండా మట్టిగాజులు. ఆమె భర్త చేపల వేటకెళ్ళి నాలుగు రోజులైంది. కొల్లేటిమీద గాలి లేచిందని కబురు.

నచ్చజెప్పే పని నాకు అప్పగించారు. కంటికి కనబడని క్రిముల గురించి పుస్తకంలో చదివింది చదివినట్టు చెప్పాను. పిన్ని చివరిదాకా విని, "మీకు చెప్పడం తేలికేనండి. తియ్యడానికి మీకేం మిగిలాయని" అంది. అన్నాక నా ముఖం చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం మండవల్లి నుంచి తొలిచూలు అమ్మాయిని తెచ్చారు. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. పిన్ని చేయి కావాలి. గాజులు తీస్తేనే లోపలికి అని డాక్టరమ్మ తలుపు దగ్గరే చెప్పింది.

పిన్ని కార్బాలిక్ సబ్బుతో మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కుంది. "చూడండి నర్సమ్మగారూ, అద్దంలా ఉన్నాయి."

నేను తడి దూది తీసుకుని ఆమె గాజుల కింద చుట్టూ తిప్పాను. దూది నల్లబడింది.

"ఇది నిన్నటి మురికి కాదండీ, నా పెళ్ళినాటిదయ్యుంటుంది" అని నవ్వింది. క్రైస్తవుల అమ్మాయి కూడా నవ్వింది. తర్వాత పిన్ని దూదివైపే చూస్తూ, "పోయినావిడ కాన్పప్పుడు కూడా ఇది ఉందంటారా?" అంది.

"ఉండే ఉంటుంది" అన్నాను. ఓదార్చడానికి అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు.

లోపల అమ్మాయి అరుస్తోంది. పిన్ని తలుపువైపు చూసి, "మొండిచేతులతో ఉండలేనండి. ఒక పసుపుతాడు ఇప్పించండి" అంది. వంటింట్లోంచి పసుపు తెచ్చి, దారానికి పట్టించి అందించబోయాను. చేయి చాపలేదు. బల్లమీద పెట్టమంది. పెట్టాను. క్రైస్తవుల అమ్మాయి దాన్ని ఆమె మోచేతికి పైన, రవిక చేతి కింద కట్టింది. అప్పుడు సబ్బు రాసుకుని గాజులు ఒక్కొక్కటే జార్చి, చేతులు మళ్ళీ కడుక్కుని లోపలికెళ్ళింది.

పొద్దుగూకక ముందే ఆడపిల్ల పుట్టింది. పిన్ని భర్త ఆ మర్నాడే తిరిగొచ్చాడట. ఆ సంగతి వంటమనిషి చెప్పింది. మూడో రోజు నేను బాలింతకు థర్మామీటరు పెట్టినప్పుడు పిన్ని మంచం పక్కనే నిలబడి ఉంది. జ్వరం లేదు. మళ్ళీ చూడమంది, చూశాను. లేదు.

ఆ తర్వాత ప్రతి కాన్పుకూ ఎవరూ చెప్పకుండానే గాజులు తీసేది. తీసేటప్పుడు మాత్రం నన్ను వరండాలోకి వెళ్ళమనేది. వెళ్ళేదాన్ని.