కలెక్టరు కప్పులు

మా బావకు పాత వస్తువుల పిచ్చి. ఆళ్లగడ్డలో ఆయన ఇంటి ముందుగదిలో ఆగిపోయిన గోడ గడియారాలు, మూగబోయిన రేడియోలు, ఎంత లాగినా ఒరలోంచి బయటికి రాని కత్తి ఒకటి ఉంటాయి. పక్కనే విగ్రహాలు చెక్కే షెడ్డు. అక్కడి రాతిదుమ్ము వచ్చి వీటన్నిటి మీదా పడుతుంది. రోజూ తుడిచేది మా అక్క. వచ్చినవాళ్లకు చూపించుకునేది బావ.

రెండేళ్ల కిందట ఒక ఉదయం, నంద్యాలలో ఉండే నాకు ఫోన్ చేశాడు.

"ఏమప్పా, ఎవరో చైనా కప్పులమ్ముతాండాడంట. పాతకాలం తెల్ల పింగాణీ. మీ ఊర్లోనే లాడ్జిలో దిగినాడు. కానీ వాట్సాప్‌లో కలెక్టర్లకు మాత్రమే అని రాసినాడు. నాకిస్తాడంటావా?"

పాత వస్తువులు పోగుచేసేవాళ్లను కూడా ఇంగ్లీషులో కలెక్టర్లనే అంటారనీ, జిల్లా కలెక్టరుకూ ఆ కప్పులకూ ఏ సంబంధమూ లేదనీ చెప్పాను.

"అంటే, నేనూ కలెక్టరేనా?"

ఆ గొంతులో పొంగిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మధ్యాహ్నానికల్లా ఇద్దరం ఆ లాడ్జి గదిలో ఉన్నాం. వ్యాపారి మంచం మీద పెట్టె తెరిచి దూది తొలగించాడు. నాలుగు కప్పులు. పిడికిట్లో దాగేంత చిన్నవి. మీగడలాంటి తెలుపు, ఒక పక్క ఉబ్బెత్తుగా పూలకొమ్మ. లోపల సెల్‌ఫోన్ లైటు పెడితే కప్పంతా వెలిగింది, లోపల వేలు పెడితే దాని నీడ బయటికి కనిపించింది. అందంగానే ఉన్నాయి, కాదనను.

"మన దగ్గర పాళెగాళ్లు తిరిగే రోజుల్లో చైనాలో చేసినవి సార్" అన్నాడు.

"దానికి రుజువేంది?" అన్నాను నేను.

అతను నన్ను పట్టించుకోకుండా బావ వైపు తిరిగి వినయంగా అడిగాడు. "మీరు కలెక్టరే కదా సార్?"

బావ చొక్కా కాలరు సర్దుకుని "ఔ" అన్నాడు. బేరం అక్కడితో అయిపోయింది.

ఆళ్లగడ్డ చేరేలోపే కారులోంచి ఫోన్లు మొదలయ్యాయి. "కలెక్టర్లకు మాత్రమే ఇచ్చే కప్పులప్పా. నాకిచ్చినాడు." విన్నవాళ్లందరికీ విడమరిచి చెప్పడానికి నేను అందరి ఫోన్లలోనూ ఉండను కదా. కొద్దిరోజులకే ఊళ్లో మాట మారిపోయింది: కలెక్టరు గారు ఫలానా ఇంటికి టీకి వస్తున్నారు, ఆ కప్పులు ఆయన కోసం తెప్పించినవే. ఎవరైనా అడిగితే బావ ఔననలేదు, కాదనలేదు. "చూద్దాం లేప్పా" అని మీసం దువ్వుకున్నాడు.

ఆ ఒక్క ముక్క చాలు. ఏళ్ల తరబడి దారికి అడ్డంగా పడేసిన బండల్ని షెడ్డు యజమాని ఒక్క పూటలో తీయించేశాడు. బావతో మాటలు మానేసిన ఆయన పెదనాన్న కొడుకు అరటిగెల మోసుకొచ్చాడు. అందరికీ టీలు కాచే పని అక్కకు పడింది, అదీ స్టీలు గ్లాసుల్లోనే. చైనా కప్పుల జోలికి పోతే బావ ఊరుకోడు.

అలా వచ్చినవాళ్లలో బండి ఆత్మకూరు నుంచి ఒకామె ఉంది. బావకు దూరపు చుట్టం, భర్త పోయాడు. ఆమె చేనులో కొంత భాగం రికార్డుల్లో పక్కవాళ్ల పేరు మీదికి ఎక్కింది. "కలెక్టరు సారుకు ఒక్క మాట చెప్పన్నా" అంటూ అర్జీ చేతిలో పెట్టింది. బావ దాన్ని రెండుసార్లు చదివి, గంభీరంగా తల పంకించి, "నేను చూస్తా లేమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఆమె వీధి మొగలో కనిపిస్తే చాలు, వెనకగదిలోకి పోయి తలుపేసుకునేవాడు. పాపం, ఆమె పొద్దు వాలేదాకా అరుగు మీద కూర్చుని వెళ్లిపోయేది.

నేను వెళ్లిన ఒకరోజు అక్కకు ఒళ్లు మండింది.

"ఏందయ్యా ఇది? ఆయమ్మ పనులు మానుకోని తిరుగుతాండాది. నాకు కలెక్టరు తెలీదని చెప్పిరాపో."

"ఇప్పుడు చెప్తే నా మర్యాద యాడ నిలబడతాది?"

"తలుపేసుకోని పండుకునేదా మర్యాద?"

బావ రాత్రంతా ఆలోచించి ఉపాయం కనిపెట్టాడు. సోమవారం అర్జీలు తీసుకునే రోజు నంద్యాలకు పోయి కలెక్టరుకు ఒక కప్పు కానుకగా ఇస్తాడట. ఆ పరిచయంతో పని అడుగుతాడట. నన్ను తోడు రమ్మన్నాడు. తన పలుకుబడి చూస్తుందని ఆమెనూ రమ్మన్నాడు.

ముగ్గురం వరుసలో నిలబడ్డాం. మా వంతు రాగానే బావ ముందుకెళ్లి బల్ల మీద కప్పు పెట్టాడు.

"ఏమిటిది?" అన్నారు కలెక్టరు.

"కప్పు సార్. కలెక్టర్లకు మాత్రమే ఇచ్చేది."

పక్కనున్న ఉద్యోగులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను పైకి ఫ్యాను వైపు చూశాను.

"ఇలాంటివి తీసుకోము. మీ దగ్గరే ఉంచుకోండి. అర్జీ ఏది?" అన్నారాయన, కోపం లేకుండానే.

బావ జేబులన్నీ తడుముకున్నాడు. కప్పును దూదిలో చుట్టి భద్రంగా తెచ్చిన మనిషి ఆమె అర్జీని ఇంట్లోనే మరిచిపోయాడు.

ఆమె ఇక ఆగలేదు. సంచిలోంచి జిరాక్సు తీసి బల్ల మీద పెట్టింది. "మా చేను సార్. పక్కోళ్ల పేరు మీద ఎక్కింది. ఒకసారి కొలిపించండి సార్." ఆయన చదివారు, నాలుగు ప్రశ్నలు అడిగారు, అక్కడే ఉన్న అధికారిని పిలిచి మళ్లీ కొలవమన్నారు. అంతే.

బయటికొచ్చాక ఆమె బావను అడిగింది. "అన్నా, ఈడికొచ్చి నిలబడితే సరిపోయేది కదా. ఇన్ని దినాలు నన్ను నీ అరుగు మీద యాల కూర్చోబెట్టినావు?"

"ఎండగా ఉండాది, బస్సెక్కుపోమ్మా" అన్నాడు బావ.

తర్వాత చేను కొలిచారు. ఆమెది ఆమెకు వచ్చింది. "కలెక్టరు సారుతో మాట్లాడి నేనే చేయించినా" అని బావ ఇప్పటికీ చెప్పుకుంటాడు. నేను ఎదురుగా ఉన్నా చెబుతాడు. కాకపోతే, ఆ కాసేపు నా వైపు చూడడు.