అతుకులమ్మ పాల గ్లాసు

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు పనివాళ్ళందరికీ ఆమె అతుకులమ్మ. యాసిడ్ చుక్క పడితే చొక్కా జల్లెడైపోతుంది. ఆ చిల్లులన్నీ ఆమె కుట్టుమిషను కిందికే వచ్చేవి. మొగుడికీ ఆ షెడ్డులోనే, కొలిమి దగ్గర పని.

"అతుకు మీద అతుకేశావు, ఇంతకీ నా చొక్కా ఏదమ్మా?" అని ఎవరైనా వేళాకోళమాడితే, "అదెప్పుడో పోయింది అన్నయ్యా, నువ్వు తొడుక్కున్నది నా పనితనం" అని నోరు మూయించేది.

ఆమెకున్నవి రెండే చెడ్డ అలవాట్లు. కత్తెర పక్కనే ఉన్నా దారం పళ్ళతోనే కొరికేది. కుట్టేముందు చొక్కాను గదిలోనే గట్టిగా దులిపేది. బూడిదరంగు దుమ్ము కిటికీ వెలుగులో కాసేపు తేలి, మంచినీళ్ళ బిందె మూత మీద పడేది.

పెళ్ళయిన ఎన్నాళ్ళకో నెల తప్పింది. మొగుడి కాలు నేల మీద నిలవలేదు. నర్సమ్మ ఇంటికొచ్చి ఐరన్ బిళ్ళలు, కాల్షియం బిళ్ళలు చేతిలో పెట్టింది.

"రోజూ పాలు తాగు. నువ్వు తినకపోతే బిడ్డ నీ ఎముకల్లోంచే లాక్కుంటుంది" అని మరీ మరీ చెప్పింది.

కానీ షెడ్డు వాళ్ళకొక నమ్మకం ఉంది. సీసం పొగకు పాలే విరుగుడని మేస్త్రీ దగ్గర్నుంచి అందరూ అనేవాళ్ళు. ఆ ఇళ్ళలో పాలు మగవాడికే. అప్పటికే మొగుడు కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నాడు, చేతులు వణుకుతున్నాయి. నిప్పు దగ్గర ఉండేది ఆయన, నీడపట్టున కూర్చునేదాన్ని నాకేం అనుకుంది ఆమె. పాలు ఆయనకే పోసింది. పాలు చాలవేమోనన్న భయంతో బిళ్ళలూ ఆయన చేతిలోనే పెట్టింది.

"ఇవేంటే?"

"బలానికి. మనిద్దరికీ ఇచ్చారు. మాట్లాడకుండా మింగు."

"మరి నీవి?"

"పొద్దున్నే వేసుకున్నాను."

అబద్ధమాడడం చేతకాని మనిషి, ఆ ఒక్క అబద్ధాన్నీ రోజూ తడుముకోకుండా ఆడింది. తలుచుకుంటే ఎంత జాలేస్తుందో అంత కోపమూ వస్తుంది. ఎముకలు లాగేస్తున్నాయని ఏడిస్తే, "కడుపుతో ఉన్నప్పుడు మామూలేనమ్మా" అని అత్తగారు కాళ్ళు పట్టేది.

పాప నెలలు నిండకుండానే పుట్టింది. ఏడాది దాటినా కూర్చోలేదు, పిలిస్తే తిరగలేదు. చివరికి ఆసుపత్రిలో ముగ్గురికీ రక్తం పరీక్ష చేశారు. ముగ్గురి రక్తంలోనూ సీసం ఉంది.

"సీసం పని ఎవరిది?" అంది డాక్టరమ్మ.

"నాదేనండీ. ఇది ఇంట్లో బట్టలు కుడుతుందంతే" అన్నాడు మొగుడు.

ఎవరి బట్టలని అడిగి, అంతా విని, డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. "ఆ దుమ్ములోని సీసం నీ ఎముకల్లో చేరిందమ్మా. కడుపులో బిడ్డకి కాల్షియం కావాలి. తిండిలో చాలకపోతే ఒళ్ళు ఎముకల్ని కరిగించి ఇస్తుంది. దాంతోపాటే సీసమూ బిడ్డకి చేరుతుంది. పాలు, బిళ్ళలు సరిగ్గా తీసుకుంటే కొంతైనా అడ్డుపడేవి."

"తీసుకుందండీ!" అన్నాడు మొగుడు ఆత్రంగా. "నర్సమ్మ మా ఇద్దరికీ ఇచ్చింది కదా. నావి నేనూ రోజూ వేసుకున్నాను."

"మగాళ్ళకి మేమెందుకిస్తామయ్యా?"

అతను పెళ్ళాం వైపు చూశాడు. ఆమె పాప తల సర్దుతూ ఉండిపోయింది.

ఇంటికొచ్చాక అతనే పాలు కాచి గ్లాసులో పోసి, ఆమె ముందు పెట్టాడు. ఆమె అలవాటు కొద్దీ గ్లాసును అతని వైపు జరిపింది.

"నువ్వు తాగయ్యా, నిప్పు దగ్గర ఉండేవాడివి."

"నా బిడ్డ పాలు నేను తాగేశానే!" అంటూ అతను గోడకు తల ఆనించి బావురుమన్నాడు. ఆ ఏడుపుకు పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఆమె ఒళ్ళో ఉన్న పాప మాత్రం అటు తిరగలేదు.